తిరుగు ప్రవాహం ఎక్కడ మాయమైంది: అలల ఫ్లూమ్‌లో వీడియోతో వేగం కొలిచిన ఒక కేసు

నేపథ్యం

ఇది ఒక ఇంజనీరింగ్ కళాశాల హైడ్రాలిక్స్ ల్యాబ్‌లో నడిచిన కేసు. కళాశాల పేరు, ఊరు, మనుషుల ఆనవాళ్లు తీసేశాను. ఫ్లూమ్, అంటే అలలు పుట్టించే పొడవాటి నీటి తొట్టి, దాని కొలతలను కూడా గుండ్రం చేశాను. ప్రయోగాల్లో కొలతల పని చేసేవాడిగా నన్ను పిలిచింది వీడియో కోసం కాదు, కంప్యూటర్ మోడల్ కోసం. ఈ కేసు రాయడానికి మొదటి కారణం అదే.

ఫ్లూమ్ సుమారు 20 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు, రెండు పక్కలా గాజు. ఒక చివర నీటిని తోసి అలలు పుట్టించే పిస్టన్ ప్యాడిల్, రెండో చివర 15కు 1 వాలు ఉన్న నున్నటి పలక, అదే తీరం. చదునైన భాగంలో నీటి లోతు 40 సెం.మీ. అల కాలం 1.5 సెకన్లు, ఎత్తు 10 సెం.మీ. ఈ లెక్కన అల పొడవు సుమారు 2.6 మీటర్లు, అల పరుగు సెకనుకు 1.75 మీటర్ల దాకా వస్తుంది. వాలు ఎక్కుతూ అల పైనుంచి నురుగై జారుతూ విరుగుతుంది, అంటే స్పిల్లింగ్ రకం. విరిగిన తర్వాత నీరు అడుగున ప్యాడిల్ వైపు తిరిగి వస్తుంది. దాన్నే అండర్‌టో అంటారు. ఒడ్డు ఇసుకను సముద్రంలోకి లాగేది ప్రధానంగా ఈ ప్రవాహమే కాబట్టి కోత మీద పనిచేసేవాళ్లకు దీని విలువ సరిగ్గా తెలియాలి.

ఎం.టెక్. విద్యార్థిని పని ఈ అండర్‌టోను కొలిచి, ఓపెన్‌ఫోమ్ అనే ప్రవాహాలు లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో కట్టిన మోడల్‌తో పోల్చడం. ల్యాబ్‌లో ఏడీవీ ఉంది, అది శబ్ద తరంగాలతో ఒక్క బిందువు దగ్గర వేగం చెప్పే పరికరం. కానీ అల విరిగే చోట బుడగలు రాగానే దాని సంకేతం తెగిపోతుంది, పైపొరలో పెడితే అల పల్లం వచ్చినప్పుడు గాలిలో వేలాడుతుంది. అందుకే వాళ్లు వీడియోకు వెళ్లారు. నిర్ణయం సరైనదే. నీటిలో సన్నని రేణువులు కలిపి, వరుస ఫ్రేముల్లో అవి ఎంత జరిగాయో చిన్న చిన్న గడులుగా పోల్చి చూసే పద్ధతి పీఐవీ. పీఐవీల్యాబ్, ఓపెన్‌పీఐవీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఎవరి బల్ల మీదైనా చేయగలిగేంత దగ్గరైంది.

వాళ్లు తెచ్చిన సమస్య

నీటి లోతు 12 సెం.మీ. ఉన్న చోట, అల విరిగిన తర్వాత, మోడల్ అండర్‌టో సెకనుకు సుమారు 9 సెం.మీ. అంది. వీడియో 3 అంది. “సార్, మోడల్‌లో టర్బ్యులెన్స్ ఎక్కువైపోతోంది, అది సరిచేస్తే కిందికి దిగుతుంది కదా?” అని ఆ అమ్మాయి అడిగింది. గాలిలో వేసిన ప్రశ్న కాదది. ఇలాంటి మోడళ్లలో అల విరగక ముందే టర్బ్యులెన్స్, అంటే నీటిలో చిన్న సుడుల కలత, లేనిపోనిగా పెరిగిపోతుందని లార్సెన్, ఫూర్మన్ 2018లో చూపించారు, ఆ పేపర్ తను చదివే వచ్చింది.

అయినా ఆ దారిలో వెళ్లవద్దన్నాను. టర్బ్యులెన్స్ మారితే అండర్‌టో లోతు వెంట ఎలా పంచుకుంటుందన్నది మారుతుంది: అడుగున ఎక్కువా, మధ్యలో ఎక్కువా అన్నది. మొత్తం ఎంత నీరు వెనక్కి వస్తుందన్నది మాత్రం మారదు. ఫ్లూమ్ రెండు చివరలా మూసి ఉంది. అల పైభాగంలో తీరం వైపు ఎంత నీరు వెళ్తే సగటున అంతా కింద తిరిగి రావాల్సిందే.

ముందుకు వెళ్లేది ఎంతో కాగితం మీదే అంచనా వేయవచ్చు. అల కింద నీటి కణం తిరిగే దారి పూర్తిగా మూసుకోదు, ప్రతి అలకూ కొంచెం ముందుకు జరుగుతుంది. మీటరు వెడల్పుకు ఆ ప్రవాహం గురుత్వ త్వరణాన్ని అల ఎత్తు వర్గంతో గుణించి, అల పరుగుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 12 సెం.మీ. లోతులో అల ఎత్తు 8 సెం.మీ. ఉంది, పరుగు సెకనుకు 1.1 మీటర్లకు కొద్దిగా తక్కువ. అంటే సెకనుకు సుమారు 7 లీటర్లు. పల్లానికి కింద 9 సెం.మీ. నీరే ఉంది కాబట్టి తిరుగు వేగం సగటున 8 సెం.మీ. దగ్గర ఉండాలి. విరిగిన అలకు ఈ సూత్రం మొరటే. ఆ అల ఆకారానికి ప్రవాహం కొంత తగ్గుతుంది, ముందు దొర్లే నురుగు రోలర్ మోసే నీటితో మళ్లీ పెరుగుతుంది. ఆ రోలర్ అడ్డకోత వైశాల్యం అల ఎత్తు వర్గానికి సుమారు 0.9 రెట్లని స్వెండ్‌సెన్ 1984లో ఇచ్చిన అంచనా వేసి చూసినా జవాబు 8, 9 దగ్గరే తిరుగుతుంది. 3కు దిగదు. వీడియో నిజమైతే సగానికి పైగా నీరు తీరం దగ్గర పోగుపడి ఫ్లూమ్ పొంగిపొర్లాలి.

పైగా వాళ్ల మోడల్ టింగ్, కిర్బీ 1994లో ప్రచురించిన ప్రయోగాన్ని ముందే బాగా పట్టుకుంది. 35కు 1 వాలు మీద లేజర్ డాప్లర్ అనే వేగం కొలిచే పరికరంతో తీసిన ఆ ఫలితాలు ఈ రంగంలో అందరూ మొదట దిద్దుకునే పలక. అక్కడ కలిసిన మోడల్ ఇక్కడ మూడు రెట్లు తప్పడానికి ప్రత్యేక కారణం కావాలి.

ఒక్క అనుమానం మిగిలింది. వీడియో చూసేది ఒక నిలువు తలాన్నే. తిరుగు నీరు గోడల పక్క నుంచి వెళ్లి, మధ్యలో తక్కువ ఉంటే? దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. పొటాషియం పర్మాంగనేట్ పలుకులు రెండు గోడల దగ్గరా, మధ్యలోనూ అడుగున వేసి పైనుంచి చూశాం. మూడు చోట్లా ఊదా రంగు దాదాపు సమానంగా ప్యాడిల్ వైపే పాకింది. మిగిలింది వీడియో.

చదునైన చోట పరీక్ష

నురుగున్న చోట మొదలుపెడితే ఏ తప్పు దేనిదో తేలదు. అందుకే అదే ఫోను, అదే లైటు, అదే రేణువులతో అల ఇంకా విరగని చదునైన భాగానికి మారాం. అక్కడ జవాబు ముందే తెలుసు: అలల లీనియర్ సిద్ధాంతం, అంటే చిన్న అలల సరళ లెక్క, ప్రకారం నీటి ఊగుడు వేగం ఉపరితలం దగ్గర సెకనుకు 28 సెం.మీ., లోతు మధ్యలో 21, అడుగున 19.

వీడియో ఊగుడు వేగాలు వీటికి పదోవంతు లోపు తక్కువగా వచ్చాయి. గ్రాఫు వేస్తే చూడముచ్చటగా ఉంది. చాలామంది ఈ గ్రాఫు దగ్గరే ఆగి, పద్ధతి సరిపోయిందని రాసేస్తారు. కానీ మనం వెతికేది ఊగుడు కాదు, దాని కింద దాగిన సగటు. అదే సూత్రంతో లెక్కిస్తే ఈ చోట ముందుకు పోయేది కూడా సెకనుకు సుమారు 7 లీటర్లే, 40 సెం.మీ. లోతులో పంచితే తిరుగు వేగం 1.8 సెం.మీ. వీడియోలో సగటు సున్నాకు అంటుకుని ఉంది. ఊగుడు పరీక్ష పాసై సగటు పరీక్ష తప్పడంతో తేడా ఎక్కడుందో తెలిసింది: ఈ ఏర్పాటు వేగంగా కదిలేదాన్ని చూస్తోంది, నెమ్మదిగా కదిలేదాన్ని మింగేస్తోంది.

వీడియోలో ఏం జరిగింది

మొదటిది ఫ్రేముల వేగం. ఫోనులో ఉన్నంతలో ఎక్కువని సెకనుకు 240 ఫ్రేములు పెట్టారు. దృశ్యం వెడల్పు ఒక మీటరు, 1920 పిక్సెళ్లు, అంటే మిల్లీమీటరుకు రెండు పిక్సెళ్లు కూడా లేవు. అల శిఖరం కింద సెకనుకు 60 సెం.మీ. వేగంతో పోయే రేణువు ఒక ఫ్రేములో దాదాపు 5 పిక్సెళ్లు జరుగుతుంది, బాగానే కొలవవచ్చు. పల్లం కింద 15 సెం.మీ. వేగంతో వెనక్కి వచ్చేది 1.2 పిక్సెళ్లే. విరిగిన అలలో ముందుకు తోపు కురచ, ఉధృతం. వెనక్కి రాక దీర్ఘం, నిదానం. నిదానపు కదలిక నష్టపోతే సగటు ఎటు వాలుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్రేములు ఎంత ఎక్కువైతే అంత ఖచ్చితత్వం అనే నమ్మకం ల్యాబుల్లో గట్టిగా నాటుకుంది. పీఐవీలో అది సగం నిజమే, రెండు ఫ్రేముల మధ్య రేణువు కొన్ని పిక్సెళ్లైనా జరగాలి.

రెండోది కంప్రెషన్. ఫోను వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి ఫోటో కాదు. ముందు ఫ్రేముతో పోల్చి పెద్దగా మారలేదనుకున్న గడిని, వీడియోను కుదించే ఎన్‌కోడర్ అలాగే మళ్లీ వాడేస్తుంది. కంటికి తేడా తెలియదు. ఒక పిక్సెల్ జరిగిన మసక రేణువు మాత్రం ఎన్‌కోడర్ దృష్టిలో జరగనట్టే.

మూడోది రేణువులు. ఫ్యాన్సీ షాపులో దొరికే చమ్కీ పొడి వాడారు. చవక, బాగా మెరుస్తుంది. కానీ అది ప్లాస్టిక్ రేకు, నీటికన్నా బరువు, కాసేపటికి పలక మీద పేరుకుంటుంది. కదలకుండా మెరిసే ఆ పొర ఉన్న గడిలో సాఫ్ట్‌వేర్‌కు గట్టిగా దొరికే జవాబు సున్నానే. పైగా రేకు తిరిగినప్పుడల్లా మెరుపు పుట్టి ఆరుతుంది, ఒక ఫ్రేములో ఉన్న చుక్క తర్వాతి ఫ్రేములో ఉండదు.

ఇంకా చిన్నవి చాలా. కరెంటు ఫ్లడ్‌లైటు మన 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకు 100 సార్లు మినుకుతుంది, 240 ఫ్రేములతో తీస్తే 12 ఫ్రేములకొకసారి తిరిగొచ్చే వెలుగు నమూనా వీడియో నిండా ఉంది. ఫోను ఆటో ఎక్స్‌పోజర్ రేణువును గీతలా సాగదీసింది. స్కేలు కోసం కొలబద్దను నీళ్లు లేని ఫ్లూమ్‌లో పెట్టి తీశారు. గాజు వెనక 30 సెం.మీ. నీరు ఉంటే వక్రీభవనం వల్ల తలం కాస్త దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది, కెమెరా గాజుకు 1.5 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు స్కేలులో తేడా 4 శాతం దాటుతుంది. వీటిలో ఏదీ ఒంటరిగా అండర్‌టోను మూడో వంతుకు దించదు. మొదటి మూడూ కలిసి దించాయి.

పనిచేయని మార్గాలు

నేను వెళ్లేసరికే వాళ్లు సాఫ్ట్‌వేర్ సెట్టింగులు చాలా మార్చి చూశారు. గడి పెద్దది చేశారు, కాంట్రాస్ట్ పెంచారు, పొరపాటు వెక్టర్లను (ఒక్కో గడి వేగాన్ని చూపే బాణాలను) తీసేసే హద్దులు బిగించారు, ఖాళీలను పక్క విలువలతో నింపారు. ప్రతిసారీ బొమ్మ నున్నబడింది, సగటు మాత్రం కదల్లేదు. కదలదు కూడా, ఎన్‌కోడర్ పారేసిన కదలికను ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. ఇందులో చెడు కూడా ఉంది. ఖాళీలు ఎక్కువగా పడేది నురుగు వచ్చే దశలో, అంటే నీరు తీరం వైపు పోయే సమయంలో. ఆ దశను పక్క విలువలతో నింపితే సగటు ఏ దిక్కుకైనా జారవచ్చు. వెక్టర్ల బొమ్మతో పాటు, ప్రతి దశలో ఎంత శాతం వెక్టర్లు అసలువో చూపే గ్రాఫు కూడా వేయించాను. నన్నడిగితే రెండో గ్రాఫే ముందు చూడాలి.

తర్వాత పచ్చ లేజర్. స్తంభాకార కటకంతో కిరణాన్ని పలుచని రేకులా పరిచి ఫ్లూమ్ మధ్య తలాన్ని మాత్రమే వెలిగించాం. పల్లానికి కింద అద్భుతంగా పనిచేసింది. నురుగులోకి వెళ్లేసరికి ప్రతి బుడగా వెలుగును వెదజల్లి కెమెరా తెల్లబారింది. పచ్చ వెలుగు పడితే నారింజగా వెలిగే రొడమీన్ రంగు పూసిన రేణువులు, నారింజ ఫిల్టర్ వాడితే బుడగల పచ్చ వెలుగు ఆగిపోతుంది, అది తెలిసిన ఉపాయమే. కానీ ఫ్లూమ్‌లో నాలుగైదు వేల లీటర్ల నీళ్లు. ఆ ఖరీదైన రేణువులను అంత నీటిలో కలపడం ఒక ఎం.టెక్. థీసిస్ బడ్జెట్‌కు మించిన మాట. పైగా నురుగు దట్టంగా ఉన్న చోట లేజర్ రేకే లోపలికి చేరదు, ఫిల్టర్ దాన్ని బాగుచేయదు. కాబట్టి నురుగులో లేజర్ వద్దనుకున్నాం.

ఒక హెచ్చరిక. నీటి ఉపరితలం ఊగుతుంటే దాని మీద పడ్డ లేజర్ ప్రతిబింబం గదంతా ఊగుతుంది. తగిన కళ్లద్దాలు, నల్లగుడ్డ తెరలు సిద్ధమయ్యే వరకు లేజర్ వెలిగించనివ్వలేదు. దానికి కొంత ఆలస్యం జరిగింది, విద్యార్థిని మొహం చిన్నబోయింది కూడా.

పనిచేసిన ఏర్పాటు

ఒకే పద్ధతితో అంతా కొలవాలన్న పట్టు వదిలేశాం. పల్లానికి కింద ఒక కొలత, నురుగులో వేరొకటి.

కింద భాగానికి లేజర్ రేకునే ఉంచి, మరో విభాగం నుంచి ఇండస్ట్రియల్ కెమెరా అరువు తెచ్చాం. ఫ్రేములోని అన్ని వరుసలనూ ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ దానిది. ఫోను వరుసల వెంట చదువుతుంది కాబట్టి పరుగెత్తే అల వాలినట్టు వస్తుంది, ఇక్కడ ఆ బాధ లేదు. 1920 బై 1200 పిక్సెళ్లు, సెకనుకు 150 ఫ్రేములు, కంప్రెషన్ లేకుండా. సెకనుకు 345 మెగాబైట్లు పైనే, నిమిషానికి 20 జీబీ దాటుతుంది. మామూలు హార్డ్ డిస్క్ ఈ వేగం అందుకోలేక ఫ్రేములు జారవిడుస్తుంది, అందుకే ఎస్‌ఎస్‌డీ పెట్టి, ప్రతి ఫ్రేము సంఖ్యనూ సరిచూసే చిన్న ప్రోగ్రాం రాశాం. దృశ్యం వెడల్పును 45 సెం.మీ.కు కుదించాం, మిల్లీమీటరుకు నాలుగు పిక్సెళ్లు దాటింది. కెమెరాను నీటిమట్టానికి కింద పెట్టి కొద్దిగా పైకి చూసేలా వంచాం, గాజుకు అంటుకుని పైకెక్కే నీటి అంచు అడ్డు రాకుండా. స్కేలు గడుల పలకను నీళ్లు నింపాకే, లేజర్ తలంలోనే ముంచి తీశాం.

రేణువులు 50 మైక్రాన్ల పాలిమైడ్ పొడి. నీటికన్నా మూడు శాతమే బరువు అనుకుంటే అది కిందికి దిగే వేగం సెకనుకు మిల్లీమీటరులో ఇరవై ఐదో వంతు, పట్టించుకోనక్కర్లేదు. ఫ్లూమ్ మొత్తం కాకుండా కెమెరా ముందు భాగంలోనే వదిలాం.

అసలు లాభం ఫ్రేముల జతలను ఎంచుకోవడంలో వచ్చింది. శిఖరం దశలో పక్కపక్క ఫ్రేములను పోల్చాం. వెనక్కి వచ్చే దశలో ఒకటి, నాలుగు అన్నట్టు మధ్య ఫ్రేములు వదిలేసి పోల్చాం. రెండు సందర్భాల్లోనూ రేణువు పది పిక్సెళ్లకు పైనే జరుగుతుంది, కాబట్టి పిక్సెల్‌లో పదో వంతు తప్పు కూడా వేగంలో ఒక శాతం దగ్గరే ఆగుతుంది. ఏ ఫ్రేము ఏ దశదో తెలియడానికి ప్యాడిల్ సంకేతంతో వెలిగే చిన్న ఎల్‌ఈడీని దృశ్యం మూలలో పెట్టాం. ఒకే దశకు చెందిన వేర్వేరు అలల కొరిలేషన్ పటాలను (రెండు ఫ్రేములు ఎంత జరిపితే ఎంత కలుస్తాయో చూపేవి) ముందు కూడి, ఆ తర్వాతే అన్నిటికన్నా బాగా కలిసిన చోటు వెతికాం. మైన్‌హార్ట్, వెరెలీ, సాంటియాగో 2000లో సూక్ష్మ ప్రవాహాలకు సూచించిన ఉపాయమిది. అలలు ఒకే తీరులో తిరిగొస్తాయి కాబట్టి ఇక్కడ చక్కగా ఒదిగింది.

తిరిగొస్తాయి అన్నానుగానీ దానికీ షరతు ఉంది. ఈ పొడవు ఫ్లూమ్‌లో నీరంతా ఒక చివర నుంచి మరో చివరకు ఊగే సీష్ కాలం 20 సెకన్ల దగ్గర. ముందు పరుగు ఊగిసలాట ఆరకుండా ప్యాడిల్ మొదలుపెడితే అది సగటులోకి చొరబడుతుంది. నీటిమట్టం కొలిచే వేవ్ గేజ్ రికార్డు చదునయ్యే దాకా ఆగడం తప్ప మార్గం లేదు.

నురుగుకు వేరే చూపు

రోలర్ దగ్గర బుడగలు శత్రువులు కావు, అవే రేణువులు. ర్యూ, చాంగ్, లిమ్ 2005లో ప్రకటించిన బుడగల పీఐవీలో లేజర్ లేదు. ఫ్లూమ్ వెనక సమంగా వెలిగే లైటు పెట్టి, బుడగల నీడల అల్లికనే ఫ్రేము నుంచి ఫ్రేముకు పోలుస్తారు. మేము తెల్ల అక్రిలిక్ పలక వెనక డీసీ సరఫరా మీద నడిచే ఎల్‌ఈడీ పట్టీలు పెట్టాం, మినుకు పోయింది. ఎక్స్‌పోజర్ రెండువేలో వంతు సెకనుకు దించాం.

లేజర్ రేకు లేనప్పుడు ఏ తలాన్ని చూస్తున్నామన్నది లెన్స్ నిర్ణయిస్తుంది. అపర్చర్ పూర్తిగా తెరిస్తే స్పష్టంగా కనిపించే లోతు పలుచనవుతుంది. ఆ మందంలో సగాన్ని కెమెరా దూరంతో భాగిస్తే వేగంలో రాగల తప్పు వస్తుంది. 10 సెం.మీ. మందం, 1.5 మీటర్ల దూరం అయితే 3 శాతం పైన. అది ఒప్పుకోదగ్గదే.

ఒప్పుకోలేనిది వేరే ఉంది. బుడగల వేగం తెలిసింది, నురుగులో నీరెంత, గాలెంత అన్నది తెలియలేదు. బుడగల వేగాన్ని నురుగు వైశాల్యంతో గుణించి నీటి ప్రవాహం అనడం తప్పు, అది గరిష్ఠ హద్దు మాత్రమే. థీసిస్‌లో దాన్ని హద్దుగానే రాయించాను. గైడ్‌గారికి ఒక్క అంకె కావాలి, రెండు హద్దుల మధ్య పట్టీ ఇస్తే బలహీనంగా కనిపిస్తుందని ఆయన బాధ. పట్టీయే ఉంచాం.

జమాఖర్చు

ముందు చదునైన భాగంలో తిరుగు వేగం చూశాం. ఉండాల్సిన 1.8కి దగ్గరగా, ప్యాడిల్ వైపే వచ్చింది. అది కుదిరాకే వాలు మీదికి వెళ్లాం. విరిగిన అల కింద అండర్‌టో సగటు 8 సెం.మీ. దాటింది. పైన ముందుకు పోయిన నీటి పట్టీలోనే కింద వెనక్కి వచ్చిన నీరూ పడింది.

ఇక మోడల్. తీరం వైపు లోపలి భాగంలో మోడల్, కొలత బాగా కలిశాయి. అల విరగడం మొదలయ్యే చోట మాత్రం తేడా మిగిలింది: మొత్తం ప్రవాహం సరిపోయింది, లోతు వెంట పంపకం సరిపోలేదు. విద్యార్థిని మొదటి రోజు తెచ్చిన అనుమానానికి అసలు చోటు అదే. టర్బ్యులెన్స్ సవరణ అక్కడ పెట్టి చూస్తే పంపకం మెరుగైంది, థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే నడిచింది.

తర్వాత ల్యాబ్‌లో

ఇప్పుడు అక్కడ ఏ వీడియో కొలతకైనా మొదటి పరుగు చదునైన భాగంలోనే, అదీ ఊగుడుకు కాదు, సగటుకు. స్కేలు పలక ఎప్పుడూ నీళ్లలోనే. చమ్కీ పొడి డబ్బా బీటెక్ డెమోలకు పోయింది, కంటితో చూడటానికి అంతకన్నా మంచిది లేదు.

ఫోనును మాత్రం పారేయలేదు. అల వాలు మీద ఎంత దూరం ఎగబాకిందో కొలవడానికి రేణువులు అక్కర్లేదు, ఒక పిక్సెల్ వరుసను ప్రతి ఫ్రేములోంచి తీసి పక్కపక్కన పేరిస్తే నీటి అంచు గీతలా బయటపడుతుంది. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో హోల్మన్ బృందం ఆర్గస్ కెమెరాలతో బీచ్‌లను ఏళ్ల తరబడి గమనించింది ఇలాంటి బొమ్మలతోనే. నీటి అంచు పదుల పిక్సెళ్లు కదులుతుంది, కాబట్టి కంప్రెషన్ అక్కడ పెద్దగా దెబ్బతీయదు. స్టెబిలైజేషన్ ఆపి, ఎక్స్‌పోజర్ బిగించి, స్టాండుకు గట్టిగా కట్టి తీస్తున్నారు. పై బ్యాచ్ అబ్బాయి ఒకడు రాళ్ల గోడ మీద అల పొంగే ఎత్తు కొలవడానికి ఆ ఫోనునే వాడుతున్నాడు.